నల్లకుంట వదిలి ఘట్‌కేసర్ వెళ్ళొచ్చా? అక్కడ ఉంటున్నవాళ్ళు చెప్పండి

నల్లకుంట కిరాయిదారు:

నమస్తే అండి. ఏజెంట్లు చెప్పేది చాలా విన్నాను, యూట్యూబ్‌లో ఇళ్ళ వీడియోలు కూడా తెగ చూశాను. ఇక ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్ళ మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

మేముండేది హైదరాబాద్ నల్లకుంటలో, శంకర్ మఠం వెనక సందుల్లో. మొదటి అంతస్తు పోర్షన్, రెండు బెడ్‌రూములు, అద్దె 21 వేలు. నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే పాప, మా అమ్మ. నాది కోఠిలో బ్యాంకు ఉద్యోగం. మా ఆవిడ నారాయణగూడలో డిగ్రీ కాలేజీ లెక్చరర్. ఓనరుగారు ఇల్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు, వచ్చే వేసవి సెలవుల్లోపు ఖాళీ చేయాలి. జనగామ దగ్గర మా నాన్న పొలం అమ్మితే నా వాటా కింద కొంత డబ్బు వచ్చింది. అది చేతిలో ఉండగానే సొంత ఇల్లు అమర్చుకోవాలని మా ఆవిడ పట్టుదల. రెండు చూశాం.

ఒకటి విద్యానగర్‌లో పాత ఫ్లాట్. మూడో అంతస్తు, 950 అడుగులు, కట్టి పాతికేళ్ళు దాటింది, 64 లక్షలు చెబుతున్నారు. వంటింటి గోడకి చెమ్మ. కారు పార్కింగ్ లేదు. లిఫ్టు ఉంది గానీ, దానికి వేలాడదీసిన "పనిచేయుట లేదు" అట్టముక్క మీద దుమ్ము చూస్తే అది ఎప్పటిదో అర్థమైంది.

రెండోది సిటీ బయట, ఘట్‌కేసర్‌కి కొంచెం ఇవతల, వరంగల్ హైవే నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి. 150 గజాలు, తూర్పు ఫేసింగ్, జీ ప్లస్ వన్, కొత్త ఇల్లు. 92 లక్షలు. ఎలాగూ ఊరెళ్ళే దారిలోనే ఉంటుంది. మేడ ఎక్కితే గాలి బ్రహ్మాండం. ఏ గది తనదో మా పాప అక్కడికక్కడే తేల్చేసింది.

బ్యాంకులో నేను చూసేది లోన్ల సెక్షనే కాబట్టి ఈఎంఐ లెక్కలు నాకు చెప్పకండి. 50 లక్షలు, 20 ఏళ్ళు, ఎనిమిదిన్నర శాతం వేసుకుంటే నెలకి 43 వేల పైచిలుకు. కొత్త పన్ను విధానంలో మనం ఉండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదని కూడా తెలుసు. ఇద్దరి జీతాలతో ఎలాగో లాగుతాం. నా టెన్షన్ అది కాదు.

ఏజెంట్ కారెక్కిన దగ్గర్నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు, ఎయిమ్స్ ఆసుపత్రి, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు), రీజినల్ రింగ్ రోడ్డు అంటూ జపం చేశాడు. బీబీనగర్ ఎయిమ్స్ అదే హైవే మీద ఉన్న మాట నిజమే. ఓఆర్‌ఆర్ కళ్ళముందే కనిపిస్తోంది. ఎంఎంటీఎస్ దగ్గరే నాకు పేచీ. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి రైలు మొదలుపెట్టారు, సంతోషం. కానీ అది చర్లపల్లి, మౌలాలి దాటాక సికింద్రాబాద్ స్టేషన్‌కి రాకుండా సనత్‌నగర్ వైపు తిరిగిపోతుంది. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ళకి బాగుంటుందేమో, కోఠి పోయేవాడికి దాంతో ఏం పని? ఈ మాట అంటే ఏజెంట్ "ఫ్యూచర్ సార్, ఫ్యూచర్" అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద దిగులు మా అమ్మ గురించి. 71 ఏళ్ళు, బీపీ, మోకాళ్ళ నొప్పులు. అయినా నల్లకుంటలో ఆమెకి మా అవసరం పెద్దగా పడదు. పొద్దున మఠానికి వెళ్తుంది, వస్తూ మార్కెట్‌లో కూరగాయలు తెస్తుంది. ప్రతి బెండకాయ కొసా విరిచి చూడందే కొనదు, కూరగాయలామె ఎన్ని తిట్లు తిట్టినా సరే. మందుల షాపు అబ్బాయికి ఆమె చీటీ చూపించే పనే లేదు, మెట్లెక్కుతుండగానే మాత్రల స్ట్రిప్ తీసి కౌంటర్ మీద పెడతాడు.

అడగాల్సింది ఇదీ: ఎండాకాలం అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయి? రాత్రి ఎనిమిది దాటాక మా ఆవిడ ఒక్కతే ఇంటికి చేరగలదా? పెద్దవాళ్ళకి అక్కడ పొద్దుపోతుందా?

---

రిటైర్డ్ గుమాస్తా:

అంతా రాశారు. అమ్మగారిని అడిగారా?

---

అన్నోజిగూడ అన్న:

బ్రదర్, నేను 2017లో అంబర్‌పేట నుంచి ఘట్‌కేసర్ దారిలో ఉన్న అన్నోజిగూడ వచ్చాను. ఉద్యోగం హబ్సిగూడలో. ఇక్కడ సుఖంగానే ఉన్నాను, మళ్ళీ సిటీలోకి రమ్మన్నా రాను. కాబట్టి నా మాట కొంచెం ఇటువైపే మొగ్గుతుంది, అది తీసేసుకుని చదవండి.

ముందు రోడ్డు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలైంది. నేను వచ్చిన మరుసటి ఏడాదన్నమాట. ఆ పిల్లర్ల కింద గుంతల్లోనే మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి, ఈ ముక్క దాటడమే అసలు ప్రయాణం. నారపల్లి దాటి జోడిమెట్ల వచ్చాక రోడ్డు హాయిగా ఉంటుంది. ఏజెంట్లు ఆదివారం పొద్దున్నే తీసుకొచ్చేది అందుకే. మీరు సోమవారం సాయంత్రం ఆరున్నరకి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బయల్దేరి రండి. అది కూడా వానాకాలంలో.

మీ ఇద్దరికీ మెట్రో పనికొస్తుంది. ఉప్పల్‌లో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో మారితే మేడంగారికి నారాయణగూడ స్టేషన్ ఉంది, మీకు దాని తర్వాతిదే సుల్తాన్ బజార్, అక్కణ్ణుంచి కోఠి నడిచిపోవచ్చు. కాబట్టి ఉప్పల్ నుంచి లోపలికి మీకు బాధ లేదు. ఉప్పల్ దాకా రావడమే బాధ. బండి పెట్టి మెట్రో ఎక్కుతారా, బస్సులో వస్తారా అన్నది ముందే తేల్చుకోండి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో టికెట్ లేదు కదా, మా ఇంట్లో ఆ ఖర్చు పోయింది. అయితే బస్సులో కాలు పెట్టే చోటు కూడా పోయింది.

ఇప్పుడు మీ పోస్టులో నన్ను ఆపిన మాట: "హైవే నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి." ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ పదిహేను కిలోమీటర్ల పైనే ఉంటుంది, ఆ దూరం ఎలాగో వచ్చేస్తాం. మనిషిని ఏడిపించేది ఆ చివరి రెండే. షేర్ ఆటోవాడు హైవే మీద దింపేసి పోతాడు. లోపలికి కావాలంటే నలుగురు పోగయ్యేదాకా ఆగాలి, లేకపోతే వాడు అడిగినంత ఇవ్వాలి. చీకటి పడ్డాక నలుగురు పోగవ్వరు. కాలనీలో సగం ఓపెన్ ప్లాట్లే అయితే పిచ్చి చెట్లు, కుక్కలు, వానాకాలం పాములు. మా వదిన రాత్రి బస్సు దిగితే మా అన్న బండి వేసుకుని ఎదురెళ్ళేవాడు. ఆయనకి బదిలీ అయ్యాక వాళ్ళు ఇల్లు అద్దెకిచ్చేసి రామంతాపూర్ వెళ్ళిపోయారు.

మా ఇల్లు హైవేకి నడిచివెళ్ళే దూరం. గజానికి ఎక్కువే పెట్టాను, 110 గజాలతో సరిపెట్టుకున్నాను. మా నాన్న ఉన్నన్నాళ్ళూ పొద్దున నడిచి బస్టాపు దగ్గర హోటల్లో టీ తాగి, పేపర్ చదువుకుని వచ్చేవారు. మీ ఇంట్లో బండి నడపలేని మనిషి అమ్మగారు, ఆ తర్వాత మీ పాప. ఆ ఇంటి గేటు దగ్గర్నుంచి వాళ్ళు తమంతట తాము ఎక్కడెక్కడికి పోగలరో చూడండి. వాళ్ళకి ఊరంటే అంతే.

నీళ్ళు. మాకు నల్లా కనెక్షన్ ఉంది, బోరూ ఉంది. మీరు చూసిన ఇంటికి నల్లా ఉందా, లేక "లైను వస్తుంది" అన్నారా? బోరు ఒక్కటే అయితే మార్చి నుంచి జూన్ దాకా ట్యాంకర్ల మీద బతకాలని అనుకునే దిగండి. నీళ్ళ కాఠిన్యం సంగతి కూడా ఉంది. మా ఇంట్లో గీజర్ విప్పినప్పుడు మెకానిక్ ఎలిమెంట్‌ని బయటికి లాగి చూపించాడు. వేలి మందాన తెల్ల సున్నం కట్టింది, స్క్రూడ్రైవర్‌తో కొడితే పెంకులు పెంకులుగా రాలింది. నిలబెట్టి కడిగిన స్టీలు గ్లాసుల మీద కూడా మచ్చలే. కొనేముందు సీసాలో పట్టి ల్యాబ్‌లో ఇవ్వండి. తాగే నీళ్ళకి మన ప్రమాణాల ప్రకారం టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు, లీటరుకి మిల్లీగ్రాముల్లో) 500 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ అదే కొలతలో 1.5 దాటకూడదు. టీడీఎస్ మీటరు కొనుక్కున్నా ఫ్లోరైడ్ అందులో కనపడదు, ల్యాబ్‌కే వెళ్ళాలి.

మరొకటి ఎవరూ చెప్పరు. ఆ ఇంటి మేడ మీద నుంచి దక్షిణం వైపు పచ్చగా పొలాలు కనిపించాయా? అవి వరిపొలాలా, గడ్డా అని అడగండి. ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాద్ వైపు మూసీ పారుతుంది. సిటీ మురుగంతా దిగువకి వచ్చేది అటే. ఆ నీళ్ళతో పశువుల గడ్డి పెంచుతారు, ఏడాది పొడుగునా పచ్చగా కళ్ళకి ఇంపుగా ఉంటుంది. గాలి అటు నుంచి తిరిగిన సాయంత్రం తలుపులు వేసుకోవాల్సిందే, దోమల సంగతి వేరే చెప్పక్కర్లేదు. హైవేకి ఉత్తరాన ఉంటే ఈ గొడవ తక్కువ.

వాన విషయం కూడా. సిటీ బయట కదా, వరద రాదనుకోకండి. 2020 అక్టోబర్ 13న పడ్డ వాన ఘట్‌కేసర్ దగ్గర 30 సెంటీమీటర్లు దాటింది. ఆ రాత్రి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చుట్టుపక్కల పాత ఇళ్ళవాళ్ళని అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

ఇంత రాశాక మంచి కూడా చెప్పాలి. రాత్రి చల్లబడుతుంది. వేసవిలో కూడా మేడ మీద పక్కలు వేసుకుంటాం. కాలనీలో ఎవరింట్లో ఏం జరిగినా అందరం ఉంటాం, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో కొట్లాటలు ఎన్నున్నా సరే. కరోనా అప్పుడు మా సందులో ఒక్క ఇంటికీ వంట ఆగలేదు, వంతులు వేసుకుని పంపించాం. అంబర్‌పేటలో పక్క పోర్షన్ వాళ్ళ పేరు కూడా నాకు తెలియదు.

---

మల్కాజిగిరి గృహిణి:

అన్నగారు రాసింది బాగుంది గానీ ఆయన పొద్దున వెళ్ళి రాత్రి వచ్చే మనిషి. పగలంతా అక్కడ ఉండేవాళ్ళ కథ నేను చెబుతాను.

మాది మేడ్చల్ వైపు. ఇల్లు కట్టుకున్నాం, ఉన్నాం, ఇప్పుడు దాన్ని 13 వేలకి అద్దెకిచ్చి మల్కాజిగిరిలో 19 వేలు కడుతూ అద్దెకుంటున్నాం. అందరూ పిచ్చివాళ్ళంటారు. అననీయండి.

పనావిడ దొరకదు. దొరికినా కాలనీలో మూడు ఇళ్ళే ఉంటే మూడిళ్ళ కోసం అంత దూరం ఎందుకు వస్తుంది? గ్యాస్ అయిపోతే, కుక్కర్ వాషర్ పోతే, పాపకి చార్ట్ పేపర్ కావాలంటే, ప్రతిదానికీ మా ఆయనకి ఫోన్. ఆయన వచ్చేసరికి రాత్రి. డెలివరీ యాప్‌లు పిన్‌కోడ్ తీసుకునేవి, తర్వాత వాడు ఫోన్ చేసి "మేడం, మెయిన్ రోడ్డుకి వస్తారా?" అనేవాడు.

మీ పాప ఎనిమిదో తరగతి అన్నారు. అంటే మీరు మారేసరికి తొమ్మిది, ఆ తర్వాత పది. స్కూలు మార్చకుండా అక్కణ్ణుంచి పంపితే బస్సు ఆరున్నరకే వస్తుంది. బోర్డు పరీక్షల సంవత్సరం పిల్ల నిద్రంతా ఆ బస్సులోనే. మారిస్తే కొత్త స్కూలు, కొత్త స్నేహాలు, సరిగ్గా ఆ వయసులో. మా అమ్మాయి ఏమీ అనలేదు, మార్కులూ తగ్గలేదు. పుట్టినరోజుకి ఎవరిని పిలుద్దామంటే మాత్రం ఎవరూ వద్దంది. నాకు అది చాలు.

మా అత్తగారి సంగతి. సిటీలో ఉన్నప్పుడు గుడిలో ఆమెకొక జట్టు ఉండేది, విష్ణు సహస్రనామం బ్యాచ్. అక్కడికెళ్ళాక సీరియళ్ళు ఎక్కువయ్యాయి, సుగర్ ఎక్కువైంది. ఆమె నోరు తెరిచి ఒక్కరోజూ ఏమీ అనలేదు. ఆ కాలం మనుషులు అనరు. మీ అమ్మగారూ "నాకేం, ఎక్కడైనా ఒకటే" అంటారు చూడండి. నమ్మకండి.

---

నల్లకుంట కిరాయిదారు:

అందరికీ థాంక్స్. గుమాస్తాగారి ప్రశ్నకి ముందు సిగ్గుపడ్డాను, తర్వాత వెళ్ళి అడిగాను.

మేడంగారు చెప్పిన మాటే వచ్చింది, అక్షరం పొల్లుపోకుండా: "నాకేంరా, ఎక్కడైనా ఒకటే." నేను లేవలేదు, కూర్చునే ఉన్నాను. కాసేపయ్యాక "అక్కడ పాలెవరు పోస్తారు?" అంది. తర్వాత "మందులు అయిపోతే నువ్వే తేవాలా?" తర్వాత "ఏకాదశికి మఠానికి రావాలంటే ఆటోకి ఎంతవుతుంది?" ఇన్నాళ్ళూ ఇవన్నీ ఆమె మనసులో ఉన్నాయన్నమాట. చివరికి ఇంకో మాట అంది: "ఊళ్ళో పెరిగినదాన్ని, నాకు చెట్లూ గాలీ కొత్త కాదు. మనుషులు లేని చోటు కొత్త."

మా ఆవిడ మాత్రం ఇంకా అటే. తన వాదన కూడా తీసిపారేసేది కాదు. ఈ పోర్షన్లో బట్టలు ఆరేయడానికి ఓనరుగారి పర్మిషన్ అడగాలి, చుట్టాలొస్తే పార్కింగ్ కోసం పక్కింటాయనతో గొడవ. పేపర్లు దిద్దుకోవడానికి ఆమెకొక బల్ల వేసుకునే చోటు లేదు, మంచం మీదే దిద్దుతుంది. నడుంనొప్పి అందుకే అని డాక్టర్ అన్నాడు. తన సుఖం గురించి ఆలోచించే వంతు ఎప్పుడూ చివర్నే వస్తోందని అంటే నా దగ్గర జవాబు లేదు.

అన్నా, మీరు చెప్పిన గడ్డి సంగతి కనుక్కున్నాను. గడ్డే. ఏజెంట్‌ని అడిగితే "గ్రీనరీ సార్" అన్నాడు.

కాబట్టి ఆ 92 లక్షల ఇల్లు వదిలేశాం. విద్యానగర్ ఫ్లాట్ కూడా, మోకాళ్ళ మనిషికి మూడో అంతస్తు. ఇప్పుడు ఆలోచన ఏంటంటే, ఎలాగూ ఇల్లు ఖాళీ చేయాలి కదా, ఆగకుండా దసరా సెలవులకే మారి, హైవేకి దగ్గర్లో ఒక గ్రౌండ్ ఫ్లోర్ అద్దెకి తీసుకుని వచ్చే జూన్ దాకా ఉండి చూడటం. ఎండాకాలం నీళ్ళు, ఉప్పల్ ట్రాఫిక్, అమ్మ, అన్నీ తెలుస్తాయి. పాపని ఈ ఏడు స్కూలు మార్చం, మెట్రో దాకా నేనే దింపుతాను. డబ్బు అప్పటిదాకా ఎఫ్‌డీలో ఉంటుంది. ఈలోగా రేట్లు పెరిగిపోతాయని మా బావమరిది గోల. పెరిగితే పెరగనీ.

---

లింక్ డాక్యుమెంట్:

నేను ఉప్పల్ వైపు డాక్యుమెంట్లు రాసే పనిలో ఉన్నాను సార్. అద్దెకి ఉండి చూడటం మంచి పని. తర్వాత కొనేటప్పుడు రెండు మూడు విషయాలు.

ఇంటిని చూసి మురిసిపోయి స్థలం లేఅవుట్ అడగడం మర్చిపోతారు. ఆ బెల్టులో పాత గ్రామ పంచాయతీ లేఅవుట్లు చాలా ఉన్నాయి. హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్నదా, లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ఫీజు కట్టి ప్రొసీడింగ్స్, అంటే మంజూరు పత్రం, తెచ్చుకున్నారా చూడండి. దరఖాస్తు రసీదు చూపించి "ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది" అంటారు, రసీదు వేరు, ప్రొసీడింగ్స్ వేరు. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు), బఫర్ (దాని చుట్టూ వదలాల్సిన ఖాళీ) మ్యాపు చూడందే అడ్వాన్సు ఇవ్వొద్దు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాట ఎవరికీ రెండుసార్లు చెప్పక్కర్లేదనుకోండి.

రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి ఏడున్నర శాతం. 92 లక్షలకి పూర్తిగా రాయిస్తే 6 లక్షల 90 వేలు. ఇది లోన్‌లో రాదని మీకు నేను చెప్పేదేముంది. 50 లక్షలు, ఆపైన అయితే ఒక శాతం టీడీఎస్ (నీళ్ళది కాదు, ఆదాయపు పన్నుది) కొనేవాళ్ళే అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి పట్టుకుని కట్టాలి. అమ్మేవాళ్ళు "తర్వాత చూసుకుందాం" అంటారు, నోటీసు మాత్రం మీకొస్తుంది.

---

రిటైర్డ్ గుమాస్తా:

పాలు ఎవరు పోస్తారో ఇంకా ఎవరూ చెప్పలేదు.

---

అన్నోజిగూడ అన్న:

గుమాస్తాగారూ, మాకు ఘట్‌కేసర్ నుంచి ఒకాయన బండి మీద క్యాన్లు వేసుకుని వస్తాడు. గేదె పాలు, పొద్దున ఆరుకల్లా. వానొస్తే ఏడు.

బ్రదర్, మా పక్క సందులో ఒక గ్రౌండ్ ఫ్లోర్ వచ్చే నెల ఖాళీ అవుతోంది. రెండు బెడ్‌రూములు, హైవేకి ఐదు నిమిషాల నడక, 14 వేలు చెబుతున్నారు, గట్టిగా అడిగితే 13కి దిగుతారు. రెండు నెలల అడ్వాన్సు. మందుల షాపు మూల మీదే ఉంది. గుడి ఉంది గానీ చిన్నది, పూజారి పొద్దున వచ్చి వెళ్ళిపోతాడు, ఆ విషయం అమ్మగారికి ముందే చెప్పండి. చూడటానికి ఆదివారం మాత్రం రాకండి. మామూలు రోజు సాయంత్రం, అమ్మగారిని తీసుకుని బస్సులోనే రండి. ఓనరు నంబరు మీకు మెసేజ్ పెడతాను.